గురువుగారి ఇల్లాలి చదువు

అనంతపురపు పీఠభూమికి వాన దూరపు చుట్టము వంటిది. ఎప్పుడు వచ్చునో చెప్పి రాదు, వచ్చినను నిలువదు. సంవత్సరమునకు సగటున 55 సెంటీమీటర్ల వానను నమ్ముకొని వేరుసెనగ వేసి, రాగులు విసరుకొని, కొఱ్ఱలు దంచుకొని బ్రదికిన సీమ యిది. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన ధాత కఱవు పేరు తరతరముల నోట నేటికిని నిలిచియున్నది. ఇట్టి సీమలో క్రైస్తవులు కాపురముండు ఏ పేటకు బోయినను అందఱు నెఱిగిన వారిద్దఱు గలరు. ఒకరు దేవాలయపు అయ్యగారు. రెండవవారు ఆయన యిల్లాలు, అమ్మగారు.

అయ్యగారి పని లోక మెఱిగినదే. ఆదివారపు ప్రసంగము, బాప్తిస్మము, పెండ్లి, భూస్థాపనము, ఇవన్నియు సంఘపు పుస్తకములలో వ్రాయబడును. అమ్మగారి పని మాత్రము ఏ పుస్తకమునకును ఎక్కదు. ముసలమ్మకు పింఛను కాగితము చదివి చెప్పుట, జ్వరము తగులుకొనిన బిడ్డను ఆసుపత్రికి ఎప్పుడు తీసికొని పోవలెనో తెలుపుట, త్రాగివచ్చిన మగని చేతి దెబ్బలు తిని అర్ధరాత్రమున తలుపు తట్టిన పడుచుకు ఇంత చోటిచ్చుట, బడి మానిన పిల్లలను వసారాలో గూర్చుండబెట్టి అక్షరములు దిద్దించుట, ఇవి యామె పనులు. వీనికి జీతము లేదు, పదవియు లేదు. అయిన నీ విద్య యామె కెట్లు వచ్చినది? పుట్టింట నేర్చినదా? అత్తింట నేర్చినదా? లేక ఎవరైన శ్రద్ధ వహించి నేర్పిరా? ఈ మాసమున మేము ఈ ప్రశ్నను సోదరీమణుల ముందుంచుచున్నాము. దీని జవాబు క్రైస్తవ గృహములకే గాక, భర్త యుద్యోగమునకు తోడుపడు ప్రతి యిల్లాలికిని సంబంధించినదని మా యభిప్రాయము.

మన సీమకు క్రైస్తవ బోధకులు సముద్రము దాటి వచ్చిరి. లండను మిషనువారు 1810లో బళ్లారి చేరిరి. ఆ శతాబ్దములోనే కడప, గుత్తి, అనంతపురములందును వారి నిలయము లేర్పడినవి. తూర్పు తీరమున రామాయపట్నములో అమెరికా బాప్టిస్టులును, రాజమహేంద్రవరములో లూథరనులును దైవవిద్యాలయములను నెలకొల్పిరి. దైవవిద్యాలయమనగా కాబోవు సంఘకాపరులకు బైబిలును, సంఘచరిత్రమును, బోధించు పద్ధతిని నేర్పు గురుకులము.

అచ్చట పాఠము చెప్ప వచ్చిన పరదేశపు ఉపాధ్యాయుని బ్రదుకు మనము దూరమునుండి తలచునంత సుఖమైనది కాదు. గురువగుటకు ముందు ఆయన శిష్యుడు కావలెను. నడివయసున పలక పట్టినవానివలె తెలుగు ఒత్తులను, గుణింతములను దిద్దవలెను. తాను గ్రీకు, హీబ్రూ భాషలలో నేర్చినదానిని, నిన్నటివఱకు చెప్పులు కుట్టుచు, మగ్గము నేయుచు, పొలమున కూలిచేయుచు నుండిన యువకునకు బోధపడునట్లు విడమరచి చెప్పవలెను. తెలుగున పుస్తకము లేనిచో తానే వ్రాసికొనవలెను. ఇంటిలోని కష్టము వేఱు. చలిజ్వరములకును, విషూచికిని పసిబిడ్డలను గోల్పోయిన మిషనరీ తల్లు లెందఱో కలరు. మిగిలిన బిడ్డలను చదువుకొఱకు చిన్నతనముననే ఓడ యెక్కించి పంపి, ఏండ్ల తరబడి జాబులలోనే వారిని పెంచిన తల్లులును గలరు. మతభేద మెట్లున్నను ఈ త్యాగమును తేలికగా జూచుట న్యాయము కాదు.

కాని యా విద్యాలయములలో ఒక కొఱతయు నుండెను. పాఠము ముగిసిన పిమ్మట గురువు బంగళాకు బోవును. శిష్యుడు గుడిసెకు బోవును. ఇరువురి నడుమ ప్రేమ యున్నను చనవు లేదు. గురువుగారి భోజనపు బల్లకడ శిష్యుని భార్యకు చోటు దొరకుట మఱియు నరుదు. ఈ కొఱతను బాగుగ నెఱిగి, దానిని దీర్చుటకు తన యింటినే పాఠశాలగా జేసిన దంపతుల కథను మేము ఎన్నుకొనినాము. వీరు సముద్రము దాటి వచ్చినవారు గారు. అయినను పరభాషకును పరరాజ్యమునకును వచ్చినవారే. భర్త పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. భార్య పేరు అన్బు మరియమ్మాళ్. అన్బు అను తమిళపదమునకు ప్రేమ యని యర్థము.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై యను పల్లెలో జన్మించిరి. తండ్రి గ్రామసంఘపు గురువు. అజరయ్యగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895 మొదలు యువకుల క్రైస్తవ సమాజమున కార్యదర్శిగా పనిచేసి ఊరూరును దిరిగిరి. 1898లో అన్బుగారిని వివాహమాడిరి. దక్షిణదేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల మెట్లెక్కిన తొలివారిలో అన్బుగారొకరు. ఆ దినములలో ఆడుపిల్లకు ప్రాథమిక పాఠశాలయే గగనకుసుమమని తలచినచో ఆమె చదువు విలువ తెలియగలదు.

పరదేశుల ధనమునకును, పరదేశుల యాజ్ఞకును ఎదురుచూడక, మనవారే మనవారికి బోధింపవలెనను తలంపుతో 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు ఒక స్వదేశ మిషనరీ సమాజమును స్థాపించిరి. దానికి ప్రాణము పోసినవారిలో అజరయ్యగారు ముఖ్యులు. వారు తమ పనికై ఎన్నుకొనిన చోటు నైజాం రాజ్యములోని డోర్నకల్. ఓరుగంటినుండి బెజవాడకు బోవు రైలుదారిలో, సింగరేణి బొగ్గుగనుల వైపు శాఖ చీలుచోట నున్న ఊరది. నేడు తెలంగాణమున మహబూబాబాదు జిల్లాలోనిది. ఇతరులను పంపుటతో దృప్తినొందక అజరయ్యగారు 1909లో గురుపట్టము బొంది తామే యచ్చటికి వచ్చిరి. అప్పటికి వారి వయస్సు 35 ఏండ్లు. పట్టణపు జీవనమును, దేశమంతట నున్న పలుకుబడిని విడిచి, రాని భాషలో పిల్లవానివలె మాటలు గూడబలుకుకొనుచు పల్లెకు వచ్చుట సామాన్యము గాదు. ఆయనతోబాటు అన్బుగారును తెలుగు నేర్చిరి. భర్తకు భాష రానినాడు పుస్తకము తోడుండును. ఇల్లాలికి భాష రానినాడు ఉప్పు పప్పు తెచ్చుకొనుటయే కష్టము. అందుచేత ఆమె నేర్చిన తెలుగు వీధిలోను, వంటయింటిలోను నేర్చిన తెలుగై యుండునని సోదరీమణులు సులభముగ నూహింపగలరు.

1910లో స్కాట్లండుదేశపు ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అచ్చట అజరయ్యగారు నిర్భయముగ మాటలాడిరి. పరదేశపు మిషనరీలు తమ సొత్తును, తమ శరీరములను సైతము ఈ దేశమునకు ధారపోసిరని మెచ్చుకొని, ఇక మాకు గావలసినది సమానులైన స్నేహితులు అని తెలిపిరి. సభలో గొందఱకది చేదుగా దోచెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయనకు డోర్నకల్ బిషప్పు పదవి లభించెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడు ఆయనయే. 1945లో మరణించు వఱకు ఒక అధ్యక్షమండలమునకు బిషప్పుగా నున్న భారతీయుడు ఆ సంఘమున మఱియొకరు లేరు.

బిషప్పు పదవికన్న మాకు ముఖ్యముగా దోచునది ఆయన ఉపాధ్యాయత్వము. ఆ సీమలో క్రైస్తవులైనవారు విశేషముగ మాల, మాదిగ కులములవారు. వారికి తరతరములుగా బడి తలుపు మూసియుండెను. వారిలోనుండియే బోధకులను, ఉపాధ్యాయులను, గురువులను తయారుచేయవలెనని అజరయ్యగారి సంకల్పము. డోర్నకల్‌లోని దైవవిద్యాలయము అందుకొఱకే వెలసినది. అచ్చట చదువు తెలుగుననే సాగెను. చేతిపనిని నీచముగ జూచువాడు పల్లెకు గురువు కాజాలడని యెంచి, విద్యార్థులు పుస్తకముతోబాటు కాయకష్టమును విడువకుండునట్లు చూచిరి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు, ఈ నాలుగును పల్లెకు పగవారని ఆయన బోధ.

ఈ విద్యాలయపు విశేషము మఱియొకటి కలదు. గురువు కాదలచిన విద్యార్థి ఒంటరిగా రాడు; భార్యాబిడ్డలతో వచ్చును. భర్తకు తరగతి నడచునప్పుడు భార్యకును తరగతి నడచును. ఆ స్త్రీల తరగతికి పెద్దదిక్కు అన్బుగారు. చదువను వ్రాయను నేర్చుట, బైబిలు కథలను తమ మాటలలో మఱియొకరికి జెప్పుట, బిడ్డల పోషణము, ఇల్లు వాకిలి శుభ్రముగ నుంచుకొనుట, కుట్టుపని, పాటలు, ఇవి వారి పాఠములు. చంకలో బిడ్డ, ఒడిలో పలక గల తల్లులే యచ్చటి విద్యార్థినులు.

ఇది దయాధర్మముగా జేసిన పనిగాదు. దీని వెనుక ఒక లెక్క గలదు. పల్లెలో మగ బోధకుడు వాకిటి యరుగువఱకే పోగలడు. అరుగు దాటి పొయ్యికడకు బోగలిగినది ఆడుదియే. ఆచారమును నిలుపునదియు, మార్చునదియు పొయ్యికడనే గదా! కులముల సంగతి చూడుడు. మాలలకును మాదిగలకును నడుమ ఆనాడు అన్నము లేదు, నీరు లేదు. అజరయ్యగారు ఇరువురును ఒక్క పాత్రనుండియే ప్రభురాత్రి భోజనము బుచ్చుకొనవలెనని పట్టుపట్టిరి. దేవాలయమున ఒక్క పాత్రలో ద్రాగి, యింటికి వచ్చి వేఱు కుండలు పెట్టుకొన్నచో ఆ బోధ యేమగును? ఆ కుండను ఒకటి చేయునది యిల్లాలే. గురువుగారి భార్య తన చేతితో ముంచి యిచ్చిన నీటిని పొరుగు కులపు స్త్రీ త్రాగిననాడు, నూఱు ప్రసంగములు చేయలేని పని జరిగినట్లు. బావి యెండిన కఱవుసీమలో ముంచెడు నీటి విలువ యెఱిగిన మన సోదరీమణులకు ఈ మాట వేఱుగ జెప్ప బనిలేదు.

మఱియొక యాచారమును గుఱించి చెప్పుదుము. తెలుగు క్రైస్తవుల యిండ్లలో ఇల్లాలు అన్నము వండునప్పుడెల్ల ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేఱొక కుండలో వేయుట గలదు. అట్లు కూడిన బియ్యమును సంఘమున కర్పింతురు. బీదసంఘములు తమ బోధకులను తామే పోషించుకొనవలెనని అజరయ్యగారు జీవితమంతయు బోధించిరి. ఇచ్చుటనుగూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1940 ప్రాంతమున వెలువడి ప్రసిద్ధి కెక్కెను. చేత రొక్కములేని యింట గూడ ఇవ్వగల యధికారమును ఇల్లాలి పిడికిట నుంచినది యీ యాచారము. లెక్కల పుస్తకమున మగవాని పేరున్నను కుండలో బియ్యము వేసినచేయి ఎవరిదో అందఱికిని దెలియును.

ఈ కృషికి ఫలము కన్నుల గట్టినట్లు కనబడెను. 1924 నాటికి డోర్నకల్ అధ్యక్షమండలమున ఆంగ్లేయ గురువులు 8 మంది, దేశీయ గురువులు 53 మంది. 1935 నాటికి దేశీయ గురువులు 250 మంది. గ్రామోపాధ్యాయులు 2,000 మందికి పైగా నుండిరి. వైద్యశాలలు, సహకారసంఘములు, ముద్రణాలయములును నడచుచుండెను. 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ పెద్దదేవాలయమును జూచినవారు అందు హిందూ దేవాలయముల స్తంభములును, మసీదుల గుమ్మటములును క్రైస్తవుల సిలువతో గలసియుండుట గమనింతురు. కట్టడములోనే ఆయన యభిప్రాయము చదువనగును.

ఆయనతో నందఱు నేకీభవించిరని మేము చెప్పము. మతము మార్చుటనుగూర్చి గాంధీ మహాత్మునకును అజరయ్యగారికిని 1930ల నడుమ గట్టి యభిప్రాయభేదము గలిగెను. పల్లెలలోని బీదలు ఆకలిచేతను, పరుల ప్రేరణచేతను మతము మారుచున్నారని గాంధీగారి శంక. తమ బ్రదుకును తామెన్నుకొను స్వాతంత్ర్యము బీదలకును గలదని అజరయ్యగారి వాదము. ఇరువురును అంటరానితనమును ద్వేషించినవారే. ఆ చర్చను దీర్చుట ఈ పుట పనిగాదు. కాని యొక్క సంగతి మాత్రము చర్చకు లోబడదు. అక్షరము లేని యింట అక్షరము వెలసినది. అదియు మగనికి మాత్రమే గాక ఇల్లాలికి గూడ.

ఇంత చెప్పి యిక్కడ నాపినచో సగము సత్యమే చెప్పినవారమగుదుము. ఆ స్త్రీల తరగతిలో నేర్పిన చదువు భర్త పనికి తోడుపడుటకై నేర్పినది. చదువు ముగిసిన పిమ్మట గురుపట్టము ఆయనకు, జీతము ఆయనకు, బదిలీ యుత్తరువు ఆయన పేర. ఆమె మూటగట్టుకొని వెంట నడచును. సంఘమునకు ఒక్క జీతమునకు ఇద్దఱు పనివారు దొరకిరి. భర్త గతించినచో గురువుగారి యిల్లు ఖాళీచేయవలసినది ఆమెయే. అప్పుడామె చదువు ఏ పదవికిని పనికిరాదు. ఆనాటి సర్కారు కచేరీలలోను, వైద్యుల యిండ్లలోను, బడిపంతుళ్ల యిండ్లలోను గూడ ఇదే కథ. కనుక నీ దోషము డోర్నకల్‌ది మాత్రమే గాదు, కాలముదియు, మనయందఱిదియును. అయినను దోషము దోషమే.

విత్తనము మాత్రము భూమిలో బడెను. కఱవుసీమలోని విత్తనమువలె అది చాలకాలము తడికై యెదురుచూచెను. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘ మేర్పడినప్పుడు డోర్నకల్‌వారును, మన గుత్తి అనంతపురముల లండను మిషను సంఘములవారును ఒక్క సంఘమువారైరి. దానిని జూచుటకు అజరయ్యగారు బ్రదికియుండలేదు. 1945 జనవరి 1వ తేదీననే డోర్నకల్‌లో కన్నుమూసిరి. 1964లో తెలుగుదేశపు దైవవిద్యాలయములు పెక్కు గలసి రాజమహేంద్రవరమున ఆంధ్ర క్రైస్తవ దైవవిద్యాలయముగా నేర్పడినవి. డోర్నకల్, రామాయపట్నముల చదువు అందు గలసినది. 1973లో ఆ విద్యాలయము హైదరాబాదునకు మాఱెను. 1976లో దక్షిణ ఇండియా సంఘము తొలిసారిగా ఒక స్త్రీకి గురుపట్టమిచ్చెను. ఇల్లాలుగా వెనుక గూర్చుండిన స్త్రీ, విద్యార్థినిగా ముందు బల్లకు వచ్చినది.

మఱి 2013 సెప్టెంబరులో జరిగినదాని నెఱుగనివారు వినుడు. ఆ నెల ఎగ్గోని పుష్పలలితగారు దక్షిణ ఇండియా సంఘమున తొలి మహిళా బిషప్పుగా అభిషిక్తురాలైరి. ఆమె కర్నూలు సీమలో బుట్టినవారు. హైదరాబాదులోని ఆ దైవవిద్యాలయముననే చదివినవారు. ఆమెకు లభించిన పీఠము నంద్యాల. మన పీఠభూమికి పొరుగున నున్న యీ నంద్యాల సీమ ఒకప్పుడు అజరయ్యగారి డోర్నకల్ అధ్యక్షమండలములోనిదే. ఏ సీమలో నొకప్పుడు గురువుగారి భార్య భర్త వెనుక నిలిచి పాట యెత్తుచుండెనో, ఆ సీమలోనే ఒక స్త్రీ దండము చేబూని ముందు నడచినది. అన్బుగారి తరగతిలో పలకపై అక్షరము దిద్దిన తల్లులకును ఈ దండమునకును నడుమ నూఱేండ్ల దూరమున్నను, దారి మాత్రము ఒక్కటే యని మేము నమ్ముచున్నాము.

ఇందువలన మనము నేర్చుకొనదగిన దేమి? పరులకు బోధించు విద్యాలయ మేదియైనను, అది ఏ మతమువారిదైనను, సర్కారువారిదైనను, దానిని గొలుచుటకు ఒక కొలబద్ద గలదు. అచ్చట చదివిన మగవాని ప్రసంగమును గాదు, అతని యింటి యిల్లాలిని చూడవలెను. ఆమె తన పేరు తాను వ్రాయగలదా? బిడ్డకు మందు ఎన్నిమాఱు లివ్వవలెనో సీసాపై చదువగలదా? పొరుగింటి పేదరాలు నిస్సంకోచముగ ఆమె తలుపు తట్టగలదా? ఈ మూడింటికి అవునను జవాబు వచ్చినచో ఆ గురువు పాఠము ఫలించినట్లు.

రెండవ సంగతి, మన యింటిలోనే చేయవలసినది. భర్త పంతులైనను, వైద్యుడైనను, గురువైనను, అంగడి నడుపువాడైనను, ఇల్లాలు చేయు తోడుపనిని లెక్కలోనికి దెండు. ఆమె పేర ఒక బ్యాంకు పుస్తకము, చదువుకొనుటకు దినమున కొక గంట, ఆమె చదువునకు దగిన సొంత పని, ఈ మూడింటిని గృహస్థు తన ధర్మముగ నెంచవలెను. మగబిడ్డను పై చదువునకు బంపునప్పుడు కోడలి చదువు ఎంతవఱకు వచ్చినదని యడుగు అత్తగారిని మేము మెచ్చుకొందుము. ఆడుబిడ్డను మంచి యుద్యోగస్థునకు ఇల్లాలుగా మాత్రమే తీర్చిదిద్దక, భర్త నీడ తొలగిననాడు సైతము నిలువగల మనిషిగా దీర్చు తల్లిని అంతకన్న నెక్కువగ మెచ్చుకొందుము.

మన పేటలలోని అమ్మగార్లకు మా విన్నపము వేఱొకటి. మీరు చేయుచున్న పనిని చిన్నదిగ నెంచకుడు. ఎవరికి జాబు చదివితిరో, ఏ పిల్లకు అక్షరములు నేర్పితిరో, ఏ రాత్రి యెవరికి చోటిచ్చితిరో ఒక చిన్న పుస్తకమున వ్రాసి యుంచుడు. సంఘపు పుస్తకమున మీ పని యెక్కకున్నను, మీ చేతివ్రాతతో నొకచోట నుండనిండు. మీ తరువాత ఆ యింటికి వచ్చు అమ్మగారికి అదియే పాఠ్యపుస్తకము కాగలదు.